అనంతమని అనుకుంటే

ఇంగ్లీషు శాస్త్రవ్యాసాలలో అన్నిటికంటె ముఖ్యమైన షరతు తరచు వాక్యం తోకలో దాగి ఉంటుంది. ఫలానా పలక తన మీద పడిన పరారుణ కాంతిని దాదాపు సంపూర్ణంగా తిప్పికొడుతుందని గంభీరంగా ప్రకటించి, అక్కడ ఒక కామా పెట్టి, అమరిక అనంతమని భావించినట్లు తెలిపే నాలుగు మాటలతో వాక్యం ముగిస్తారు. చదువరి మనస్సు అప్పటికే ఫలితం దగ్గర విడిది చేసి ఉంటుంది. తోక జోలికి ఎవరూ పోరు. తెలుగులో ఆ వెసులుబాటు లేదు. మన వాక్యంలో క్రియ చిట్టచివర కూర్చుంటుంది గనుక షరతు ముందు రావలసిందే. "అమరిక అనంతమని అనుకుంటే" అని మొదలుపెట్టిన తరువాతనే ఫలితం చెప్పగలం. వినేవాడు వెంటనే అడుగుతాడు: అనంతం కాకపోతే?

నేను శాస్త్రం చదివినదాన్ని కాను. ఇంగ్లీషు సాహిత్యంలో పట్టా పుచ్చుకుని అనువాదాన్ని వృత్తిగా స్వీకరించినదాన్ని. నవలల అనువాదం మీద ఇల్లు గడవదు గనుక, నలభైలలో పడేనాటికి నా బల్ల మీద కథల పుస్తకాలకంటె మందుల కరపత్రాలు, బీమా నిబంధనలు, విజ్ఞాన వ్యాసాలే ఎక్కువగా పేరుకున్నాయి. ఆ చివరి కోవలో వచ్చినదే మెటాసర్ఫేస్‌లను గురించిన ఒక వ్యాససంపుటి. దాన్ని తెనిగించడానికి పట్టిన కాలంలో సగం ఆ "అనుకుంటే" చుట్టూనే తిరిగానంటే అతిశయోక్తి కాదు.

పరారుణ కాంతి అంటే కొత్త వస్తువేమీ కాదు. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకం గుండా పంపి, ఒక్కొక్క రంగులో ఉష్ణమాపకం ఉంచి చూస్తూ, ఎరుపుకు అవతల, కంటికి ఏమీ కనబడని చోట, పాదరసం ఇంకా పైకి లేవడం గమనించాడు. ఆ కనబడని వెలుగే పరారుణం. పొయ్యి మాత్రమే కాదు, మన ఒళ్ళు కూడా రేయింబవళ్ళు దాన్ని వెదజల్లుతూనే ఉంటుంది. మనిషి ఒంటి నుంచి వెలువడే ఈ కాంతి తరంగదైర్ఘ్యం 9, 10 మైక్రాన్ల దగ్గర ప్రబలంగా ఉంటుంది. తల వెంట్రుక అడ్డంలో అటువంటి అలలు అయిదు నుంచి పది దాకా పడతాయి. 8 నుంచి 14 మైక్రాన్ల మధ్య ఉన్న అలలను గాలి పెద్దగా అడ్డుకోదు. చీకటిలో మనిషిని చూపించే ఉష్ణ కెమెరాలన్నీ చాలావరకు ఈ కిటికీలో నుంచే లోకాన్ని చూస్తాయి.

ఇక మెటాసర్ఫేస్. ఒక చదునైన పలక మీద బంగారంతోనో అల్యూమినియంతోనో సిలికాన్‌తోనో చిన్నచిన్న చట్రాలు, కడ్డీలు, స్తంభాలు వరుసలు వరుసలుగా తీర్చుతారు. ఒక్కొక్కటి కాంతి అలకంటె చిన్నది. ఒక్కొక్కటి ఒక ఆంటెన్నా వంటిది. దాని కొలతను బట్టి ఏ అలకు స్పందించాలో నిర్ణయమవుతుంది. మామూలు కటకం గాజు మందాన్ని వంపులు తిప్పి కాంతిని మళ్ళిస్తుంది; ఇది వంపు లేకుండా, కేవలం ఈ బుల్లి ఆంటెన్నాల కూర్పుతో అదే పని చేస్తుంది. 2011లో హార్వర్డ్‌లో ఫెడెరికో కపాసో బృందం ఈ మార్గంలో పరావర్తన, వక్రీభవన సూత్రాలనే విస్తరించి చూపిన తరువాత ఈ రంగం ఊపందుకుంది. కాని బీజం అంతకు ఎంతో పాతది. 1898లోనే మన జగదీశచంద్ర బోసు మెలిపెట్టిన జనపనారను విద్యుదయస్కాంత తరంగాల దారిలో ఉంచి, ఆ మెలిక తరంగాల కంపనతలాన్ని తిప్పివేయడం చూపించాడు. పదార్థం దేనితో చేసినది అన్నదే కాదు, ఎట్లా కూర్చినది అన్నది కూడా తరంగానికి లెక్కే అని కలకత్తాలో జనపనార సాక్షిగా తేలింది. కొత్త శాస్త్రాల ముందుమాటలలో బోసు పేరు ఇంకొంచెం తరచుగా కనబడవలసిందని నా అభిప్రాయం.

కూర్పు అన్నాం గనుక అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఈ బుల్లి ఆంటెన్నాలు వేటికవి ఒంటరిగా మోగవు. పక్కదాని స్పందన దీనికి తగులుతుంది, దీనిది దానికి. పలక గుణం అంటే ఈ ఇరుగుపొరుగు మాటామంతీ మొత్తం. పొరుగు మారితే స్పందన మారుతుంది.

కోలాటం చూసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. వలయంగా తిరిగే కోలాటంలో ప్రతి మనిషికీ కుడివైపు ఒకరు, ఎడమవైపు ఒకరు ఉంటారు. కోల ఎటు చాచినా తగలడానికి ఇంకొక కోల సిద్ధంగా ఉంటుంది. అదే బృందాన్ని ఒక బారుగా నిలబెట్టండి. నడుమ ఉన్నవారికి తేడా తెలియదు. కొసన నిలబడిన ఇద్దరూ మాత్రం ఒకవైపు గాలిని కొడతారు. వారి తాళం కొంచెం తప్పుతుంది. అది పక్కవారికి పాకుతుంది. అక్కడి నుంచి ఆ పక్కవారికి. బృందంలో వందమంది ఉంటే నడుమ నిలబడినవారి దాకా ఆ తడబాటు రాకముందే సద్దుమణుగుతుంది. అయిదుగురే ఉంటే ఆట మొత్తం తడబాటే.

శాస్త్రజ్ఞులు చేసే లెక్క వలయంలో ఆడే కోలాటపు లెక్క. లక్షలాది చట్రాలను విడివిడిగా లెక్కించడం కంప్యూటరుకు కూడా పెనుభారం. అందుచేత ఒక్క చట్రాన్ని తీసుకుని, దాని చుట్టూ గీత గీసి, కుడి అంచు దాటిన అల ఎడమ అంచు నుంచి మళ్ళీ లోపలికి వస్తుందని నియమం పెడతారు. ఒకే తీరు నిరంతరంగా పునరావృతమయ్యే సమీకరణాలను గురించి ఫ్లోకే అనే ఫ్రెంచి గణితవేత్త 1883లో చెప్పిన సూత్రమే దీనికి ఆధారం. ఎంత సొగసైన ఉపాయం! ఒకే ఒక్కదాన్ని లెక్కించి, అనంతమైనవాటిని లెక్కించినట్లు భావించడం. సాహిత్యం చదువుకున్నవారికి ఇందులో ఒక కవిత్వం కూడా కనబడుతుంది. కాని కార్ఖానా నుంచి వచ్చే పలకకు నాలుగు అంచులుంటాయి.

ఎన్ని చట్రాలు అంచున పడతాయో చిన్నపిల్లలు కూడా లెక్క కట్టగలరు. అడ్డం వెయ్యి, నిలువు వెయ్యి ఉన్న పలకలో పది లక్షల చట్రాలకు అంచున ఉండేవి 3,996. అంటే వెయ్యికి నాలుగు కూడా నిండవు. నూరు నూర్లలో పదివేలకు 396. పది పదులలో నూటికి 36. మూడు మూళ్ళ తొమ్మిదింటిలో ఎనిమిది అంచునే ఉంటాయి, నడుమ ఉండేది ఒక్కటే. అప్పుడు అంచు అన్నది మినహాయింపు కాదు, అదే జనాభా. పైగా అంచు ప్రభావం మొదటి వరుసతో ఆగదు. పొరుగుతో గాఢంగా ముడిపడిన కూర్పులలో లోపలి వరుసలకు కూడా దూరం వరకు పాకుతుంది.

దాని పర్యవసానాలు ఎట్లా ఉంటాయంటే, అమరిక చిన్నదయ్యేకొద్దీ అనునాదం పదును మందగిస్తుంది. ఒకే అలకు ఖంగుమని మోగవలసినది, అటూ ఇటూ ఉన్న అలలకు కూడా సన్నగా పలుకుతుంది. మోగే చోటు కూడా కొద్దిగా జరుగుతుంది. తిప్పికొట్టవలసిన కాంతి మొత్తం తిప్పికొట్టదు. కొంత పక్కలకు చెదిరిపోతుంది. అంచులకు తగిలి వెనక్కి మళ్ళిన తరంగాలు పలక ఉపరితలం వెంట పరుగులు తీసి, చెరువు గట్టుకు కొట్టుకుని తిరిగివచ్చిన అలలవలె, ఒక చట్రాన్ని ఎక్కువగా, పక్కదాన్ని తక్కువగా ఊపుతాయి. ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన బెన్ మంక్ 2003లో పరిమితమైన ఆంటెన్నా అమరికలను గురించే ఒక గ్రంథం వెలువరించాడు. అనంతమైన అమరిక లెక్కలో అసలు కనబడని కొన్ని ఉపరితల తరంగాలు, అమరికకు అంచు ఏర్పడగానే ప్రత్యక్షమవుతాయని ఆయన విశదం చేశాడు. అంటే అంచు ఉన్న గుణాన్ని తగ్గించడమే కాదు, లేని గుణాన్ని కొత్తగా పుట్టిస్తుంది కూడా. ఈ రెండో మాట నాకు మొదటిదానికంటె పెద్దదిగా తోస్తుంది.

మరొక విచిత్రం ఉంది. కాంతి లోపల చిక్కుకుని బయటికి ఎన్నటికీ రాని స్థితులు కొన్ని సాధ్యమని గణితం చెబుతుంది. ఆ భావానికి మూలం 1929లో ఫాన్ నాయ్మన్, విగ్నర్ రాసిన పత్రం. ఇటువంటి స్థితి ఉన్న పలక అనంతంగా మోగుతూనే ఉండాలి. అమరిక అనంతమని అనుకుంటే! నిజమైన పలకలో ఆ కాంతి అంచుల వెంట కారిపోతుంది. ఎంత పెద్ద పలక చేస్తే అంత ఆలస్యంగా కారుతుంది. లోహంలో నష్టాలు, తయారీలో వంకరలు కూడా తోడవుతాయి గాని, అవేవీ లేకపోయినా అంచు ఒక్కటే చాలు.

ఇంత చెప్పిన తరువాత ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలి. అన్ని కూర్పులూ పొరుగు మీద ఒకే విధంగా ఆధారపడవు. లావుపాటి సిలికాన్ స్తంభాలు కాంతిని చాలావరకు తమలోనే పట్టి ఉంచుకుంటాయి. వాటికి ఇరుగుపొరుగు గొడవ తక్కువ. కొద్దిపాటి గుంపు కూడా అనంతమైనదానివలె ప్రవర్తించవచ్చు. అదే, పొరుగువారందరూ ఒక్క లయలో కదిలితేనే పుట్టే అనునాదాలకు వందల వరుసలు కావాలి. కాబట్టి ఎన్ని ఉంటే చాలు అని అడిగితే అందరికీ ఒకే అంకె చెప్పడం కుదరదు.

ఈ విషయమంతా కంటితో చూడదగిన చోటు మన రాష్ట్రంలోనే ఉంది. తిరుపతి సమీపంలోని గాదంకిలో 1990ల తొలి సంవత్సరాలలో ఆకాశపు పైపొరలలోని గాలుల కదలికను కనిపెట్టడానికి ఒక రాడార్‌ను నెలకొల్పారు. ఇప్పుడు అది జాతీయ వాతావరణ పరిశోధనాలయం ఆధీనంలో ఉంది. అనుమతి సంపాదించి ఒకసారి చూసివచ్చాను. సుమారు 130 మీటర్ల చదరంలో, 32 వరుసలు, వరుసకు 32 చొప్పున, 1,024 ఆంటెన్నాలు నాటి ఉన్నాయి. ఆకాశం వైపు చూస్తున్న ఇనుపతోట! ఆ రాడార్ వాడే అల పొడవు 5.7 మీటర్లకు దగ్గర. మన ఒంటి నుంచి వచ్చే పరారుణ అలకంటె అయిదున్నర లక్షల రెట్లు పెద్దది. కాని విద్యుదయస్కాంత సూత్రాలకు పెద్దాచిన్నా తేడా లేదు. అన్ని కొలతలనూ ఒకే నిష్పత్తిలో కుదిస్తే ఆటతీరు మారదు. సూక్ష్మదర్శిని కింద మాత్రమే కనబడే పలకను అయిదున్నర లక్షల రెట్లు పెంచితే ఇటువంటి పొలమే కనబడుతుంది. లోహాలు పరారుణంలో కొంత పెడసరంగా ప్రవర్తిస్తాయన్న మాట నిజమే; అయినా అంచు లెక్కకు ఈ పోలిక చాలు.

గాదంకి ఇంజనీర్లు తమ అమరిక పరిమితమన్న సంగతిని దాచలేదు. ఆ రాడార్ వర్ణన ఎక్కడ చదివినా మొట్టమొదట కనబడేది 32 అడ్డం, 32 నిలువు అన్న మాటే. ఆ చదరం పరిమాణమే రాడార్ కిరణపుంజం ఎంత సన్నగా ఉండాలో నిర్ణయించింది. అది సుమారు 3 డిగ్రీలు. అమరిక అంచు దగ్గర శక్తి హఠాత్తుగా తెగిపోతే ప్రధాన పుంజానికి ఇరుపక్కలా అక్కరలేని పిల్లపుంజాలు మొలుస్తాయి. అందుచేత తొలి నిర్మాణంలో 32 ప్రసారిణులకూ సమానమైన శక్తి ఇవ్వలేదు. చిన్నవి 20 కిలోవాట్లు, పెద్దవి 120 కిలోవాట్లు. నడుమ వరుసలకు ఎక్కువ, అంచుకు పోయేకొద్దీ తక్కువ. అంచును మరిచిపోలేదు, అంచు కోసమే ప్రత్యేకంగా లెక్క వేశారు. నేను తెనిగిస్తున్న వ్యాసాలలో చాలావాటికి ఈ మర్యాద లేదు.

మళ్ళీ మాటల దగ్గరికి వస్తాను. ఇటువంటి కూర్పును ఇంగ్లీషులో "ఎర్రే" అంటారు. ఆ మాట పుట్టుక పరిశీలిస్తే, క్రమంలో నిలబెట్టడం, ముఖ్యంగా సైన్యాన్ని యుద్ధానికి తీర్చడం దాని పాత అర్థాలు. తెలుగులో దానికి అచ్చంగా సరిపోయే మాట మోహరింపు. వ్యూహం అన్నా తప్పులేదు. పదకోశం దృష్టితో చూస్తే మోహరింపుకు నూటికి నూరు మార్కులు పడతాయి. అయినా ఆ మాట నా కలానికి రాలేదు. అందుకు కారణం తర్రెం.

తర్రెం బస్తరు దక్షిణభాగంలో, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపుర్ జిల్లాలో, బాసగూడ నుంచి జగర్‌గుండ వైపు పోయే దారిలో ఉన్న ఊరు. 2021 ఏప్రిల్ 3న ఆ పరిసరాల అడవిలో జరిగిన పోరులో భద్రతాదళాలకు చెందిన 22 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ రోజులలో మన పత్రికలలో ఆ పేరు, దాని పక్కనే మోహరింపు అనే మాట, విడదీయరాని జంటగా కనబడేవి. అది జరిగిన రెండేళ్ళకు ఒక వైద్యబృందానికి దుబాసిగా నేను ఆ ఊరు వెళ్ళాను. అక్కడివారి మాట గోండీ, దోర్లీ. అయితే ఏటా మిరపకోతలకు గోదావరి తీరానికి వచ్చిపోయేవారికి తెలుగు బాగా వచ్చును. నాకు వచ్చిన పని తక్కువ; కూర్చున్న సమయం ఎక్కువ. సంచిలోని ప్రూఫులు తీసి దిద్దుకుంటూ ఉంటే, మందుల కోసం వచ్చిన ఒక పెద్దాయన పక్కన చతికిలబడి కాగితాల వైపు చూశాడు. నారింజ, ఊదా రంగులలో ఒక ఉష్ణచిత్రం ముద్రించిన పుట అది.

"ఇదేం బొమ్మమ్మా, నిప్పంటుకున్నట్టుంది?"

"వేడిబొమ్మ పెద్దయ్యా. చీకట్లో కూడా ఒంటి వేడిని బట్టి తీస్తారు."

"పైన తిరుగుతుంటాయే, వాటిక్కూడా ఇదే ఉంటుందా?"

"కొన్నిటికి ఉంటుంది."

ఆయన కొంచెంసేపు ఆ పుటనే చూశాడు. "ఇప్పపువ్వు ఏరడానికి తెల్లారకముందే అడివికి పోతాం. అది మనిషిని, దుప్పిని వేరుగా చూస్తుందా?"

"దూరాన్ని బట్టి పెద్దయ్యా. బాగా ఎత్తు నుంచి అయితే మనిషైనా, దుప్పైనా ఒకటి రెండు చుక్కలే."

"అయితే ఆ చుక్కను చూసి ఇది ఫలానా అని చెప్పేది ఎవరు?"

నేను జవాబు చెప్పేలోపు లోపల నుంచి ఆయన పేరు పిలిచారు. ఆయన లేచి వెళ్ళిపోయాడు. ఆ ప్రశ్న మాత్రం ప్రూఫుల మధ్య ఉండిపోయింది. దానికి శాస్త్రం ఇచ్చే జవాబులో ఈ వ్యాసం విషయమంతా ఇమిడి ఉంది గనుక కొంచెం వివరంగా చెబుతాను.

ఉష్ణ కెమెరా లోపల ఒక గ్రాహక ఫలకం ఉంటుంది. అది 640 నిలువు వరుసలు, 512 అడ్డు వరుసలుగా బుల్లి గడులుగా విభజించబడి ఉంటుందనుకోండి. ఇప్పటి కెమెరాలలో ఒక్కొక్క గడి వెడల్పు 12 లేక 17 మైక్రాన్లు. 24 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న కటకం తగిలించి, కిలోమీటరు ఎత్తు నుంచి కిందికి చూస్తే, 12 మైక్రాన్ల గడి నేల మీద అరమీటరు చదరాన్ని చూస్తుంది. పైనుంచి చూసినప్పుడు మనిషి భుజాల వెడల్పు దాదాపు అంతే. ఒక మనిషి అంటే ఒక గడి, మహా అయితే రెండు. దుప్పికి రెండు మూడు. పైగా ఆకులు పరారుణాన్ని అడ్డుకుంటాయి. చెట్లసందులలో నుంచి కనబడేది ముక్కలు ముక్కలుగానే. ఆకారాన్ని, నడకను పోల్చుకోవాలంటే ఇంకా చాలా గడులు కావాలి, అంటే ఇంకా దగ్గరికి దిగాలి.

మామూలు ఉష్ణ కెమెరాకు మరొక లోపం కూడా ఉంది. అది రంగుగుడ్డిది. ఎంత వేడి వస్తోందో చెబుతుంది గాని, ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత అన్నది చెప్పదు. మనం చూసే నారింజ, ఊదా రంగులు తరువాత అద్దినవి. తరంగదైర్ఘ్యాలను విడదీసి చూడగలిగితే రాయిని, లోహాన్ని, గుడ్డను, ఆకును కొంతవరకైనా వేరు చేయవచ్చు. ఎందుకంటే పరారుణాన్ని వెదజల్లడంలో ఒక్కొక్క పదార్థానిది ఒక్కొక్క తీరు. ఇందుకోసమే ఒక్కొక్క గడి మీద ఒక్కొక్క బుల్లి మెటాసర్ఫేస్‌ను జల్లెడవలె అమర్చాలని ప్రయత్నాలు సాగుతున్నాయి. ఇవి ఎక్కువగా ప్రయోగశాలల దశలోనే ఉన్నాయి. గడికి ఒక జల్లెడ అన్నప్పుడు ఏమవుతుందో చూడండి. గడి వెడల్పు 12 మైక్రాన్లు. ఒక చట్రానికి కావలసిన చోటు 4 మైక్రాన్లనుకుంటే, అడ్డం మూడు, నిలువు మూడు. మొత్తం తొమ్మిది. అందులో ఎనిమిది అంచున ఉన్నవే.

ఆ తొమ్మిదింటి గుణాన్ని అనంతమైన అమరిక లెక్కతో ప్రకటించడం ఎంతటి సాహసం! అంచుకు అవతల ఉన్నది ఖాళీ కూడా కాదు. పక్క గడి మీద ఇంకొక తరంగదైర్ఘ్యానికి చేసిన ఇంకొక జల్లెడ ఉంది. పొరుగు లేకపోవడం కాదు, వేరే పాట పాడే పొరుగు ఉండడం. ఒక గడికి చేరవలసిన కాంతి పక్క గడిలోకి కారుతుంది. 9 మైక్రాన్ల దగ్గర మాత్రమే తెరుచుకుంటుందని లెక్క చెప్పిన కిటికీ, చేతికి వచ్చేసరికి వెడల్పై, కొంచెం పక్కకు జరిగి ఉంటుంది. అటువంటి కన్ను చూపించిన రంగును నమ్మి ఇది ఆకు, ఇది గుడ్డ అని చెబితే, ఆ చెప్పినదాని విలువ ఎంత? పెద్దాయన అడిగినది నిజానికి ఈ ప్రశ్నే. చుక్కకు పేరు పెట్టేది కెమెరా కాదు, కెమెరా వెనుక ఉన్న లెక్క. ఆ లెక్కలో అమరిక ఎంత పెద్దదిగా ఊహించారన్న సంగతి ఒక భాగం. తెల్లవారుజామున అడవిలోకి బుట్ట పట్టుకుని పోయే మనిషికి ఇది పండితుల వివాదం కాదు.

ఉపాయాలు లేకపోలేదు. తొమ్మిది చట్రాలే ఉన్నప్పుడు వలయపు లెక్క అవసరమే లేదు. ఆ తొమ్మిదింటినీ, వాటి చుట్టూ ఉన్న పొరుగు గడులతో సహా, ఉన్నవి ఉన్నట్టుగా లెక్కించే శక్తి నేటి కంప్యూటర్లకు ఉంది. అంచు చట్రాల కొలతలను నడిమివాటికంటె కొంచెం వేరుగా చేసి, లేని పొరుగు లోటును పూడ్చవచ్చు. చోటు ఉన్న పలకలలో అసలు అమరిక చుట్టూ, పనిలో పాలుపంచుకోని ఉత్త చట్రాలను నాలుగైదు వరుసలు పేర్చి, అంచును అవతలికి నెట్టవచ్చు. రాడార్ ఆంటెన్నాలు చేసేవారికి ఇది పాత అలవాటు. పొరుగు అక్కరలేని లావు స్తంభాలను ఎంచుకోవచ్చు. అన్నిటికంటె నాకు ముచ్చట గొలిపినది 1960ల నాటి ఒక పద్ధతి. పెద్ద అమరిక చేయడానికి ముందే దాని గుణం తెలుసుకోవడం కోసం ఇంజనీర్లు రెండు మూడు ఆంటెన్నాలను లోహపు గొట్టంలో బిగించేవారు. గొట్టం గోడలు అద్దాలవలె పనిచేసి, ఆ రెండు మూడింటికి తమ ప్రతిబింబాలే పొరుగుగా కనబడేటట్లు చేస్తాయి. అద్దాల మేడలో ముగ్గురు కోలాటమాడినట్లు! అక్కడ కూడా అనంతం ఊహే గాని, ఆ ఊహకు గోడలు కట్టారు.

పెద్ద పలకల సంగతి కొంత వేరు. సెంటీమీటరు వెడల్పున్న పరారుణ కటకాన్ని 4 మైక్రాన్ల ఎడంతో తీర్చితే అరవై లక్షలకు పైగా చట్రాలు పడతాయి. అక్కడ అంచు గొడవ లెక్కలోకి రాదు. కాని కటకం పని చేయాలంటే కేంద్రం నుంచి అంచుకు పోయేకొద్దీ చట్రాల కొలత మారుతూ ఉండాలి. లెక్క మాత్రం ప్రతి చట్రానికీ తనవంటి పొరుగే ఉందని భావించి వేసినదే. ఈ విధంగా అనంతమన్న ఊహ అంచుకు చాలా దూరంగా, పలక నడుమ కూడా ఎంతో కొంత బీటవారుతుంది. ఇది సంపుటిలో ఒకే ఒక్క వ్యాసకర్త ప్రస్తావించాడు. ఆ పేరా తెనిగిస్తున్నప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పనలవి కాదు.

చివరికి "ఎర్రే"కు అమరిక అనే మాటనే ఉంచాను. పదును తక్కువైనా చేతికి నెత్తురంటదు. మెటాసర్ఫేస్‌ను అధితలం అని మార్చి చూసి, ఎవరికీ అర్థం కాదని తోచి, ఉన్నదున్నట్టుగా వదిలేశాను. సంపాదకులకూ నాకూ పేచీ వచ్చినది "అమరిక అనంతమని అనుకుంటే" దగ్గర. ప్రతి ఫలితానికి ముందు అదే మాట తిరిగి తిరిగి రావడం చదువరికి విసుగు పుట్టిస్తుందని, ముందుమాటలో ఒక్కసారి చెప్పి ఊరుకుందామని వారి వాదం. వారి విసుగు అర్థం చేసుకోదగినదే. ఒకే పుటలో అయిదుసార్లు వచ్చిన సందర్భం కూడా ఉంది. అయినా ముందుమాట చదివేవారెందరు? రెండు వారాల ఉత్తర ప్రత్యుత్తరాల తరువాత ఒప్పందానికి వచ్చాం. వాక్యాలలో ఆ మాట మొదటిసారి మాత్రమే వస్తుంది. దానికి బదులు ప్రతి బొమ్మ కిందా అమరికలో ఎన్ని అడ్డం, ఎన్ని నిలువు అన్నది ఒక పంక్తి వేస్తారు. ఆ అంకెల కోసం మూలవ్యాసాలన్నీ మళ్ళీ తిరగేశాను. చాలావాటికి దొరికాయి. మూడు బొమ్మల కింద మాత్రం "లెక్క మాత్రమే, పలక తయారు కాలేదు" అని వేయవలసి వచ్చింది.